విద్యార్థి కాయకము

తాండూరులో కందుల వ్యాపారము చేయు ఒక పెద్దమనిషి కొన్ని సంవత్సరముల క్రిందట నన్నొక ప్రశ్న అడిగెను. ఆయన కుమారుడు అప్పుడు నావద్ద పదవ తరగతి గణితము చదువుచుండెను. పిల్లవాడు పాఠములను నిర్లక్ష్యము చేయుచున్నాడని చెప్పుటకు నేనే ఒక సాయంకాలము వారి దుకాణమునకు వెళ్లితిని. ఆయన నన్ను ఆదరముతో కూర్చుండబెట్టి, మజ్జిగ తెప్పించి, నా మాటలన్నియు శాంతముగా విని, చివరకు ఇట్లనెను: “సారూ, మీరు కోపం తెచ్చుకోవద్దు. రేపు ఈ గల్లాపెట్టె ముందు కూర్చునేవాడికి ఆ బీజగణితం ఎందుకు చెప్పండి? త్రికోణమితి నేర్చుకుంటే కందులకు ధర ఎక్కువ వస్తుందా?”

నేను ఏదో సమాధానము చెప్పి లేచి వచ్చితిని. ఆ సమాధానము ఆయనకు తృప్తి నీయలేదు. నిజము చెప్పవలెనన్న నాకును తృప్తి నీయలేదు. ముప్పది సంవత్సరములకు పైగా ఉన్నత పాఠశాలలలో బోధించి, ఉద్యోగవిరమణ చేసిన పిదప కూడ ఆ ప్రశ్న నన్ను విడువలేదు. పదమూడు మొదలు పదునారేండ్ల వయస్సుగల పిల్లలు తమ పాఠశాల చదువును మనఃపూర్వకముగా, బాధ్యతతో చదువవలెనా? చదువవలెనన్నచో దేనికొరకు? పిల్లలున్న ప్రతి ఇంటను, పిల్లలకు ఆశ్రయమిచ్చు ప్రతి మఠమునందును ఆలోచింపదగిన ప్రశ్న యిది.

లోకములో దీనికి రెండు సమాధానములు వినబడుచున్నవి. మొదటిది ఆ వ్యాపారి చెప్పినదే: చదువులో అధికభాగము జీవితమున ఉపయోగపడదు గనుక దానికొరకు శ్రమపడనక్కరలేదు. రెండవది దీనికి పూర్తిగా వ్యతిరేకముగా కనబడును: మార్కులే సర్వస్వము, ఆరవ తరగతినుండియే పిల్లవానిని పోటీ పరీక్షలకు సిద్ధము చేయవలెను, ఆటయు పాటయు బంధువుల ఇండ్లకు పోవుటయు మానిపించి, తెల్లవారుజామున లేపి, రాత్రి పది గంటల వరకు బల్ల ముందు కూర్చుండబెట్టవలెను. మొదటివారు చదువును తేలికగా చూచుచున్నారనియు, రెండవవారు గౌరవించుచున్నారనియు మనము భావింతుము. కొంచెము నిదానించి చూచినచో ఇరువురి చేతిలోను ఉన్నది తక్కెడయే. ఒకరు ఈ సరుకుకు వెల రాదనుచున్నారు, మరియొకరు మంచి వెల వచ్చుననుచున్నారు. ఆ సరుకు స్వభావమేమి, దానిని పొందినవాని మనస్సులో ఏమి జరుగును అను విచారము ఉభయులకును లేదు.

ఈ విషయమును పరీక్షించు అవకాశమును కాలమే ఒకమారు మనకు కల్పించినది. 2020వ సంవత్సరము మార్చిలో మన రాష్ట్రమున పదవ తరగతి పరీక్షలు ప్రారంభమై, కరోనా వ్యాధి కారణముగా మధ్యలో నిలిచిపోయినవి. గణిత పరీక్ష జరుగనేలేదు. జూన్ మాసమున ప్రభుత్వము మిగిలిన పరీక్షలను రద్దు చేసి, పాఠశాలలలో అంతకుముందు జరిగిన అంతర్గత మూల్యాంకనమును బట్టి విద్యార్థులందరిని ఉత్తీర్ణులుగా ప్రకటించినది. మరుసటి సంవత్సరమును పరీక్షలు రద్దయినవి. చదివినవారును, చదువనివారును ఉత్తీర్ణులే అయిరి. తక్కెడ లేని ఆ దినములలో చదువునకు ఏమి విలువ మిగిలినది? నా విద్యార్థులలో ఇరువురిని చూచి నేను కొంత తెలిసికొంటిని.

ఒకడు ఆ వ్యాపారి కుమారుడే. పరీక్షలు రద్దయిన వార్త తెలిసిన సాయంకాలము వాడు గణిత పుస్తకమును కట్టకట్టి పాత కాగితములవానికి ఇచ్చివేసినాడట. వానిని నేను తప్పుపట్టలేదు. పుస్తకము పరీక్షకొరకే అని వానికి నేర్పినది మనమే గదా.

రెండవది నాపరాళ్ల గనిలో పనిచేయు ఒకాయన కుమార్తె. పరీక్షలు రద్దయిన నాలుగైదు దినములకు ఆ పిల్ల ముఖమునకు గుడ్డ కట్టుకొని, చేతిలో నోటుపుస్తకముతో మా ఇంటి గుమ్మమువద్ద దూరముగా నిలిచి పిలిచినది. ఒక గోపురము ఎత్తును రెండు చోటులనుండి చూచిన ఊర్ధ్వకోణములను బట్టి కనుగొనవలసిన లెక్క అది. మూడుమారులు చేసినను జవాబు కుదురుటలేదనినది. “పరీక్ష లేదు గదా తల్లీ, ఇంకెందుకు?” అంటిని. ఆ పిల్ల ఆశ్చర్యముతో, “పరీక్ష లేదు గానీ సందేహం ఉంది గదా సారూ” అనినది. నేను లెక్క చేసి చూపలేదు. బొమ్మ మరల గీయుమని మాత్రము చెప్పితిని. అరుగుమీద కూర్చుండి గీసినది. రెండవ దూరమును గోపురము పాదమునుండి కొలువక మొదటి చోటునుండి కొలిచినట్లు తానే గుర్తించినది. అప్పుడు ఆ ముఖమున కలిగిన వెలుగును ఏ మార్కుల పట్టికలోను వ్రాయుటకు వీలులేదు.

ఆ సంవత్సరము ఇరువురి మెమోలలోను ‘ఉత్తీర్ణత’ అను మాట ఒక్కతీరుగనే అచ్చుపడినది.

పిల్లవాని కథ ముందు చెప్పెదను. 2021లో తండ్రి వ్యాపారమునకై ఒకరివద్ద 50,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. పత్రమును చదివి వినిపించినవాడు కొడుకే. మూడు సంవత్సరముల తరువాత తీర్చబోగా, తండ్రి లెక్కకు 86,000 రూపాయలు కావలసియుండగా, అప్పిచ్చినవాడు 95,331 రూపాయలు అడిగెను. తండ్రీకొడుకులు పత్రముతో నావద్దకు వచ్చిరి. ప్రతి సంవత్సరాంతమున వడ్డీని అసలులో చేర్చవలెనని అందులో స్పష్టముగా వ్రాసియున్నది. బారువడ్డీ అయిన సంవత్సరమునకు 12,000 చొప్పున మూడేండ్లకు 36,000. చక్రవడ్డీ అయిన మొదటి ఏటికి 62,000, రెండవ ఏటికి 76,880, మూడవ ఏటికి 95,331. ఎనిమిదవ తరగతి పాఠమిది. పిల్లవాడు తల వంచుకొని, “చదివినాను సారూ, గానీ అర్థం కాలేదు” అనెను. త్రికోణమితివలన కందులకు ధర రాకపోవచ్చును. వడ్డీ పాఠము రాకపోవుటవలన మాత్రము 9,331 రూపాయల తేడా తెలియకయే సంతకమైనది. చేతిలోని ఫోను గుణకారము చేసిపెట్టును. కాని సంతకమునకు ముందు ఆ వాక్యమువద్ద ఆగి “దీని అర్థమేమి?” అని అడుగవలెనను స్ఫురణ మనిషికే కలుగవలెను. ఆ స్ఫురణ పాఠశాలలో నేర్వవలసినది.

ఇంతటితో వ్యాసము ముగించి, “చూచితిరా, చదువు ఎంత లాభకరమో!” అనుట సులభము. అట్లనినచో నేనును తక్కెడ పట్టినవాడనే అగుదును. ఆ పిల్లవానికి వడ్డీ లెక్క అవసరమైనది. త్రికోణమితి నేటివరకు అవసరము కాలేదు, ఇకముందును కాకపోవచ్చును. పాఠశాలలో నేర్చునదంతయు ఎప్పటికైనను పనికివచ్చునని పిల్లలకు చెప్పుట అసత్యము. వారు అసత్యమును త్వరగా పసిగట్టుదురు. నిజమేమనగా, ఏది పనికివచ్చునో పదునాలుగేండ్ల వయస్సున ఆ పిల్లవానికిగాని, వాని తండ్రికిగాని, గురువుకుగాని తెలియదు. తెలియనప్పుడు తలుపు మూసివేయుట వివేకము కాదు. పదవ తరగతి మార్కుల ప్రాతిపదికమీదనే ఐ.టి.ఐ.లలోను, 2008లో గ్రామీణ విద్యార్థులకొరకు ఏర్పడిన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలలోను ప్రవేశము లభించుచున్నది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలోని ప్రశ్నలును ఆ తరగతి పాఠములనుండియే వచ్చును. ఇవి తలుపులు. అయినను తలుపులకొరకే చదువు అనుటయు అసంపూర్ణమే. మరి ఆ బాలికకు అరుగుమీద కలిగినదేమి?

దీనికి సమాధానము వెదకుటకు మనము ఇతర చోటులకు పోనక్కరలేదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున చేరిన శివశరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, మోళిగ మారయ్య కట్టెలమ్మెను, నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనెను. ఆ పనులన్నిటిని బసవేశ్వరాది శరణులు ‘కాయకము’ అను ఒక్క పేరుతో గౌరవించిరి. ప్రతి పనియు కాయకము కానేరదు. అది స్వశ్రమతో జరుగవలెను, సత్యముతో జరుగవలెను, దాని ఫలము తన అక్కరకు మించి కూడబెట్టక దాసోహమునకు చేరవలెను. ఈ లక్షణములు కలిగినప్పుడు చేయువాని మనస్సు ఆ పనిలోనే శుద్ధి పొందును. పనికి వెలుపల వేరొక ఫలమును అది వెదకదు.

మన ఇంటిలోని పదునాలుగేండ్ల పిల్లవానికి అన్నము, బట్ట, నీడ లభించుచున్నవి. వాడు సంపాదించుటలేదు, సంపాదింపుమని అడుగుట న్యాయమును కాదు. అయినను కాయకము లేని శరణుడు లేడు. కావున వాని కాయకము చదువే. తల్లి జొన్నరొట్టె చేయునప్పుడు ఎంత శ్రద్ధ చూపునో, తండ్రి తూకమునందు ఎంత నిజాయితి చూపవలెనో, పిల్లవాడు పాఠమునందు అంత శ్రద్ధయు నిజాయితియు చూపవలెను. రొట్టె రేపటికి మిగులదని తల్లి మాడ్చిపెట్టుటలేదు గదా. పాఠము రేపు పనికిరాదని పిల్లవాడు దానిని పాడుచేయుటయు తగదు. ఇష్టలింగమును కరస్థలమున నుంచి, చెదరు దృష్టిని ఒకచోట నిలుపుట మన పిల్లలకు చిన్ననాడే నేర్పుచున్నాము. మూడుమారులు తప్పిన లెక్కవద్ద మరల బొమ్మ గీయుటకు కూర్చుండిన బాలిక మనస్సులో నిలిచిన ఏకాగ్రత దానికి దూరమైనది కాదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన ఇండ్లలో తెలియనిది కాదు. మారయ్య శరణుల ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా చేసికొనెను. ఒకనాడు ఆయన రోజుకంటె అధికముగా తెచ్చెను. భార్య సంతోషింపలేదు. ఈ అధికము మన అక్కరకు మించినది, ఆశవలన వచ్చినది, వెంటనే తిరిగి పోసి రమ్మని పంపెను. దారిద్ర్యమున నుండియు అధికమును త్రిప్పి పంపిన ఆ తల్లిని తలచుకొని, మన కాలపు ఒక దృశ్యమును చూడుడు. పరీక్ష గదిలో ప్రక్కవాని కాగితమును చూచి వ్రాసి, అరువది మార్కులకు మారుగా ఎనుబది తెచ్చుకొన్న పిల్లవాడు ఇంటికి వచ్చును. ఆ ఇరువది మార్కులును అధికముగా ఏరితెచ్చిన గింజలే. “ఇవి మనవి కావు” అనగల లక్కమ్మ ఆ ఇంటిలో కలదా? కొన్ని చోటుల కిటికీవద్ద నిలిచి చీటీలు అందించువారు తండ్రులును అన్నలునే. నేనొక పరీక్షా కేంద్రమున అట్టి తండ్రిని చూచితిని. ఆయన నుదుట విభూతి ఉండెను. నాకు కోపమునకు మించి దుఃఖము కలిగినది. ఆయన కొడుకునకు ఆనాడు ఇరువది మార్కులు ఇచ్చినట్లు తలచెను. నిజమునకు కొడుకు కాయకమును వాని చేతినుండి లాగికొనెను.

బాధ్యతతో చదువుట అనగా భయముతో చదువుట కాదు. ఈ రెండింటిని మనము కలిపివేయుటవలన కలుగు కీడు అపారము. ఫలితములు వెలువడు దినమున కొందరి ఇండ్లలో చావు కబురు వచ్చినట్లుండును. కొన్ని ఇండ్లలో నిజముగనే వచ్చుచున్నది. కాయకము చేయువాడు ఫలమునకు బానిస కాడు. ఒకనాడు త్రాడు సరిగా పేనబడకున్న చందయ్య మరునాడు మరల పేనవలసినదే. ఆ త్రాడుతో తన విలువను కొలుచుకొనడు. 35 మార్కులకు రెండు తక్కువైనవాడు మనిషిగా తక్కువైనవాడు కాడు. సప్లిమెంటరీ పరీక్ష అదే వేసవిలో మరల జరుగును. ఏ పాఠము రాలేదో కనుగొని నేర్చుకొనుట ఆ మాసపు కాయకము. తప్పిన పిల్లవాని ఎదుట ప్రక్కింటివాని మార్కులు ఎత్తకుండుట, ఆ రాత్రి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేయుట తల్లిదండ్రుల కాయకము.

ఇక బాలిక కథ పూర్తి చేయవలసియున్నది. ఆ పిల్లకు 2020లో వేరొక పట్టణపు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినది. “ఆడపిల్లను పరాయి ఊళ్లో ఎట్లా ఉంచుతాం సారూ?” అని తండ్రి అనెను. దైవభక్తి కలవాడు, దుర్మార్గుడు కాడు. ఆయన భయమునకు కారణములు లేకపోలేదు. ఊరిలోనే ఇంటర్మీడియట్ ముగించినది. మంచి మార్కులు వచ్చినవి. తరువాత రెండేండ్లు ఇంటిలో నుండినది. పందొమ్మిదవ ఏట వివాహమైనది. ఆ వివాహమునకు మా వీధి పెద్దలందరమును వెళ్లి ఆశీర్వదించితిమి. నేనును అక్షతలు వేసితిని.

ఇటీవల ఒక జాతరలో ఆ పిల్ల కనబడి నమస్కరించినది. అత్తవారింట తోడికోడలి పిల్లలకు భిన్నములు నేర్పుచున్నదట. “కొత్త లెక్కల పుస్తకం ఉంటే పంపండి సారూ” అని అడిగినది. ఆ మాట విని ఆమె చదువు వృథా కాలేదని నన్ను నేను ఓదార్చుకొనబోతిని. ఒక విధముగా అది సత్యమే. నేర్చినదానిని ఇతరులకు పంచుట విద్యాదాసోహము. కాని ఆ ఓదార్పు నాకు చాలలేదు. ఆమె తన కాయకమును లోపము లేక చేసినది. చేయనివారము మనము. ఆ పట్టణములో నమ్మదగిన వసతి యేదైనను కలదా అని ఒక దినము తిరిగి విచారించియుండవచ్చును. తండ్రితో మరియొకమారు మాటలాడియుండవచ్చును. నేను ఆ పని చేయలేదు.

పిల్లలు చదువును బాధ్యతగా గ్రహించవలెనా అను ప్రశ్నకు నా సమాధానము ఇక్కడ పూర్తియగుచున్నది. అవశ్యము గ్రహించవలెను. కాని అట్లు చదువుమని వారిని అడుగు అధికారము, ఆ చదువును తానును బాధ్యతగా గ్రహించిన పెద్దకే కలదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సువరకే ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చినది. చట్టము చేయి విడుచు ఆ వయస్సుననే ఉన్నత పాఠశాలలో కఠినమైన పాఠములు ప్రారంభమగును; ఆ వయస్సుననే కొడుకు దుకాణమునకు అక్కరకు వచ్చును, కూతురు ఇంటిపనికి అక్కరకు వచ్చును. అక్కడినుండి వారి చేయి పట్టుకొనవలసినది కుటుంబము, సమాజము, మఠము.

మన సమాజము ఈ పనిని ఎరుగనిది కాదు. బసవేశ్వరుడే బాల్యమున ఉపనయనమును నిరాకరించి, ఇల్లు విడిచి, కూడలసంగమమున గురుసన్నిధిని విద్య నభ్యసించెనని సంప్రదాయము చెప్పుచున్నది. శిరసంగి లింగరాజ దేసాయి తన ఆస్తిని విద్యార్థుల చదువునకు విడిచిపోయెను. 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు కూడి కె.ఎల్.ఇ. సంస్థను స్థాపించిరి. సిద్ధగంగా మఠమున 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు అన్నము, ఆశ్రయము, అక్షరము అను త్రివిధ దాసోహమును వేలాది బాలురకు కులమత భేదము లేక నడిపిరి. ఈ మహనీయులను స్మరించి పూలమాలలు వేయుచున్నాము. మన తెలుగు నేలమీది మఠములలో ఎన్నింట సాయంకాలము రెండు గంటలు దీపము వెలిగించి పిల్లలకు చదువుకొను చోటు ఇచ్చుచున్నారు? చదువుకొన్న యువకులు వారమునకు ఒకనాడు వచ్చి పదవ తరగతి పిల్లల సందేహములు తీర్చు ఏర్పాటు ఎన్ని ఊళ్లలో కలదు? బాలికలకు నమ్మదగిన వసతి ఎన్ని పట్టణములలో కలదు? దీనికి పెద్ద ధనము కంటె ముందు మనస్సు కావలెను.

గృహస్థులకు నా విన్నపము స్వల్పము. సెలవు దినమున కొడుకు దుకాణమున కూర్చుండిన దోషము లేదు. అదియు ఒక విద్యయే. కంది సీజనులో బడి మానిపించవద్దు. ఇంటిలో రాత్రి ఒక గంట టీవీ ఆపి, ఫోనులు ప్రక్కన పెట్టి, తల్లిదండ్రులును ఏదైనను చదువుచు కూర్చుండుడు. “ఎన్ని మార్కులు?” అనుటకు ముందు “ఈ దినము ఏమి నేర్చితివి?” అని అడుగుడు. పిల్ల చెప్పునది అర్థము కాకున్నను వినుడు.

చిరంజీవులారా, మీకును ఒక మాట. మీ పాఠములలో కొన్ని మీకు ఎన్నడును పనికిరాకపోవచ్చును. అయినను ఈ దినము మీ చేతిలో నున్న పని అదే. దానిని మీ స్వశ్రమతో, సత్యముతో చేయుడు. రానిదానిని రాదని ఒప్పుకొనుడు. వచ్చినదానిని ప్రక్కవానికి చెప్పుడు. పరీక్ష లేకున్నను సందేహము ఉన్నంతకాలము పుస్తకమును కట్టకట్టవద్దు.

ఆ వ్యాపారి ప్రశ్నకు ఇన్నేండ్లకు నావద్ద ఒక సమాధానము కుదిరినది. అయ్యా, త్రికోణమితివలన కందులకు ధర పెరుగదు. కాని తనకు అప్పగింపబడిన పనిని, ఎవరు చూచినను చూడకున్నను, సక్రమముగా చేయుట మీ కుమారుడు ఆ పుస్తకమువద్ద నేర్చినచో, రేపు మీ దుకాణమున తూకము తప్పదు. నేను ఆ బాలికకు ఒక కొత్త పుస్తకము పంపితిని. దానితోపాటు పంపవలసిన క్షమాపణము ఇంకను నావద్దనే యున్నది.

శరణు శరణార్థి.